నీళ్ళు మారితే మిషను మొరాయిస్తుంది: గోదావరి డెల్టాలో డిష్‌వాషర్‌ను చూసుకోవడం ఎలా?

పిల్లలు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉండి, ఇంట్లో పనిమనిషి నిలవడం లేదని అమ్మానాన్నలకు డిష్‌వాషర్ కొనిపెట్టడం భీమవరం, పాలకొల్లు, అమలాపురం వైపు ఇప్పుడు మామూలైపోయింది. కొత్తలో అంతా బాగానే ఉంటుంది. ఆ తరువాత గ్లాసుల మీద తెల్లటి పొర, గిన్నెల అడుగున సన్నటి ఇసుక, మధ్యలో ఆగి కూతపెట్టే మిషను. చివరికి దాని మీద పాత పేపర్లూ ఆవకాయ జాడీలూ చేరతాయి. విప్పి చూస్తే చాలాసార్లు మిషనులో ఏ లోపమూ ఉండదు. నీళ్ళు మారాయి, సెట్టింగు మాత్రం బిగించిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది.

కంపెనీ ఇచ్చే పుస్తకం ఏడాది పొడవునా ఒకే రకం నీళ్ళు వస్తాయన్న నమ్మకంతో రాసింది. మనకు అలా కుదరదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి డెల్టాలో వంటింటి నీళ్ళు కాలువల తీరును బట్టే ఉంటున్నాయి. సార్వా (ఖరీఫ్), దాళ్వా (రబీ) వరి సాగే నెలల్లో కాలువ నీళ్ళు ఊరి చెరువు నింపి, ఫిల్టర్ బెడ్డు దాటి కుళాయిలోకి వస్తాయి. జూలై నుంచి సెప్టెంబరు దాకా గోదావరి ఎర్రబడితే అవే నీళ్ళు ఒండ్రును వెంట తెస్తాయి. దాళ్వా కోతలయ్యాక మరమ్మతులకని కాలువలు కట్టేస్తారు. చెరువు అడుగంటుతుంది, ఇంట్లో బోరు మోటారు స్విచ్చి పడుతుంది. నరసాపురం, మొగల్తూరు, అంతర్వేది, ఉప్పలగుప్తం వైపు, సముద్రం దగ్గరయ్యే కొద్దీ ఆ బోరు నీళ్ళలో ఉప్పదనం ఎక్కువ. కాబట్టి ఏడాదిలో మూడుసార్లు మిషను సంగతి చూడాలి. మెకానిక్‌కి ఫోను చేసే ముందు చేయాల్సిన పని ఇదే.

ముందు మీ నీళ్ళు ఏ రకమో తేల్చుకోండి

దీనికి పరికరాలేమీ అక్కర్లేదు. కందిపప్పు ఎంతకీ మెదగడం లేదంటే నీళ్ళలో కాఠిన్యం ఉన్నట్టే. మీ ఇంట్లో వంట చేసేవారికి ఈ సంగతి ఎప్పుడో తెలుసు. ఇంకాస్త ఖాయంగా తెలియాలంటే మూత ఉన్న సీసాలో సగం దాకా నీళ్ళు పోసి, స్నానం సబ్బును సన్నగా తురిమి చిటికెడు వేసి గట్టిగా ఊపండి. నురుగు నిలబడి కింద నీళ్ళు తేటగా ఉంటే మంచి నీళ్ళు. నురుగు రాకుండా నీళ్ళు పాలలా విరిగి, పైన తెట్టు కడితే కాల్షియం, మెగ్నీషియం బాగా ఉన్నాయి. ఈ పరీక్షకు డిటర్జెంట్ పొడి పనికిరాదు, ఎలాంటి నీళ్ళలోనైనా నురుగు వస్తుంది.

బోరు నీళ్ళయితే మరో పరీక్ష కూడా చేయండి. తెల్ల బకెట్‌లో నీళ్ళు పట్టి రాత్రంతా కదపకుండా ఉంచండి. తెల్లారేసరికి అడుగున తుప్పు రంగు మడ్డి దిగితే ఇనుము ఉంది. ఆ ఇనుము గిన్నెలకు గోధుమ రంగు మరకలు వేయడంతో ఆగదు. మిషను లోపల నీటిని మెత్తబరిచే రెజిన్ పూసలకు పట్టుకుని వాటిని పనికిరాకుండా చేస్తుంది.

ప్యూరిఫయర్ మెకానిక్ జేబులోంచి తీసి ముంచే టీడీఎస్ మీటరును చూసి నిర్ణయానికి రావద్దు. అది నీళ్ళలో కరిగిన లవణాలన్నింటినీ కలిపి చూపిస్తుంది. మిషనుకు కావలసింది కాఠిన్యం అంకె. తీర ప్రాంతపు బోరులో టీడీఎస్ 1500 చూపించినా అందులో ఎక్కువ భాగం మామూలు ఉప్పే కావచ్చు. దాన్ని డిష్‌వాషర్‌లోని సాఫ్ట్‌నర్ ఏమీ చేయలేదు. సరైన అంకె కావాలంటే కాఠిన్యం చూపే పరీక్ష స్ట్రిప్పులు కొనండి, లేదా నీటి పరీక్షల ల్యాబులో అడగండి. తాగునీటికి భారత ప్రమాణాల ప్రకారం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే దిక్కు లేనప్పుడు 600 దాకా ఒప్పుకుంటారు. మిషను పుస్తకంలో జర్మన్ డిగ్రీలు కనిపిస్తే కంగారు పడకండి: ఒక డిగ్రీ అంటే లీటరుకు 17.8 మిల్లీగ్రాములు. ల్యాబు కాగితం మీద 300 ఉంటే దాదాపు 17 డిగ్రీలన్నమాట.

ఉప్పు గది: అందరూ వదిలేసేది ఇదే

కింది ట్రే తీస్తే, అడుగున గుండ్రటి మర మూత కనిపిస్తుంది. అది ఉప్పు గది. ఉప్పుతో గిన్నెలు తోముతుందని కొందరు, గిన్నెలు ఉప్పగా అవుతాయని మరికొందరు అనుకుంటారు. రెండూ కాదు. మిషను లోపల రెజిన్ పూసలున్న డబ్బా ఒకటి ఉంటుంది. నీళ్ళు దాని గుండా వెళ్ళేటప్పుడు కాల్షియం, మెగ్నీషియం ఆ పూసలకు అంటుకుంటాయి, వాటి బదులు సోడియం నీళ్ళలోకి వస్తుంది. కొన్ని వాష్‌ల తరువాత పూసలు నిండిపోతాయి. అప్పుడు మిషను ఉప్పు నీళ్ళతో వాటిని కడిగి, ఆ మురికిని డ్రెయిన్‌లోకి పంపేస్తుంది. గదిలో ఉప్పు లేకపోతే పూసలు నిండిపోయి అలాగే ఉంటాయి, కఠిన జలం నేరుగా గిన్నెల మీద పడుతుంది.

మొదటిసారి నింపేటప్పుడు మాత్రమే గదిలో ముందు నీళ్ళు పోయాలి, దాదాపు ఒక లీటరు. తరువాత గరాటు పెట్టి ఉప్పు పోయండి. మోడలును బట్టి కిలో నుంచి కిలోన్నర పడుతుంది. ఉప్పు దిగే కొద్దీ నీళ్ళు పైకి పొర్లుతాయి, అది మామూలే. అంచు మీద ఒక్క ఉప్పు గింజ కూడా లేకుండా గుడ్డతో తుడిచి, మూత గట్టిగా బిగించి, వెంటనే ఒక వాష్ నడపండి. పొర్లిన ఉప్పు నీళ్ళు రాత్రంతా స్టీలు మీద నిలిస్తే స్టెయిన్‌లెస్ స్టీలుకు కూడా చుక్కలు చుక్కలుగా తుప్పు పడుతుంది. ఉప్పు పోసేది పడుకునే ముందు కాదు, వాష్ మొదలుపెట్టే ముందు.

ఏ ఉప్పు? డిష్‌వాషర్ ఉప్పు అని అమ్మేదే. సన్నటి అయొడైజ్డ్ ఉప్పులో గడ్డ కట్టకుండా కలిపే పదార్థాలు ఉంటాయి, పైగా అది తడికి ముద్దకట్టి దారి మూసేస్తుంది. ఆవకాయకు తెచ్చే కల్లుప్పు చూడటానికి అచ్చం ఇలాగే ఉంటుంది కదా అని పోసేవారున్నారు. దానిలో మట్టి ఉంటుంది, మెగ్నీషియం ఉంటుంది. దేన్ని తీయడానికి ఉప్పు పోస్తున్నామో దాన్నే మళ్ళీ పోసినట్టవుతుంది. మన గాలిలో తేమ ఎక్కువ కాబట్టి విప్పిన ప్యాకెట్‌ను గాలి చొరబడని డబ్బాలో పెట్టండి. డిటర్జెంట్ పొడికీ ఇదే నియమం.

ఇప్పుడు అసలు పని. మిషను సెట్టింగుల్లో నీటి కాఠిన్యం అని ఒక మెట్ల వరస ఉంటుంది. జూన్‌లో కాలువలు వదిలి, కుళాయి నీళ్ళు మామూలుగా రావడం మొదలయ్యాక తక్కువ మెట్టు పెట్టండి. వేసవిలో బోరుకు మారిన రోజే పై మెట్టుకు మార్చండి. ఎక్కువ మెట్టు మీద ఏడాదంతా వదిలేస్తే పోలేదా అనకండి. ఉప్పు వృథా అవుతుంది. దానికన్నా పెద్ద నష్టం, మరీ మెత్తబడిన నీళ్ళలో డిటర్జెంట్ గాజును కొరుకుతుంది. ఆ మచ్చ మళ్ళీ పోదు.

అన్నీ కలిపిన ట్యాబ్లెట్లు వాడితే ఉప్పు అక్కర్లేదని పెట్టె మీద రాస్తారు. అది ఒక మేరకే నిజం. ఇలాంటి ట్యాబ్లెట్లు దాదాపు 21 జర్మన్ డిగ్రీల వరకే నెట్టుకొస్తాయి, అంటే లీటరుకు 375 మిల్లీగ్రాములు. కాలువ నీళ్ళకు చాలు. ఏప్రిల్, మే నెలల బోరుకు చాలవు.

ఇంకో ఉపాయం ఉంది. ఒక పూర్తి వాష్‌కు చాలా మిషన్లు 9 నుంచి 12 లీటర్లే తీసుకుంటాయి. 200 లీటర్ల డ్రమ్ము ఒకటి డాబా మీద పెట్టి, కుళాయి వచ్చినప్పుడల్లా మంచి నీళ్ళతో నింపి, దాని పైపు ఒక్క డిష్‌వాషర్‌కే ఇస్తే పదహారు వాష్‌లు వస్తాయి. బోరు ఉప్పగా ఉన్న ఊళ్ళలో ఇంతకు మించిన మందు లేదు. ఆర్వో ప్యూరిఫయర్ నుంచి నేరుగా పైపు ఇద్దామనుకునేవారికి మాత్రం ఒక మాట: ఆర్వో గంటకు ఇచ్చే నీళ్ళు మిషను కొన్ని నిమిషాల్లో అడుగుతుంది. నీళ్ళు రావడం లేదని ఎర్రర్ చూపించి ఆగిపోతుంది.

జాలి, రెక్కలు, రబ్బరు

కింది ట్రే తీసేస్తే మధ్యలో ఫిల్టరు ఉంటుంది. గ్లాసులాంటి భాగాన్ని ఎడమవైపు తిప్పి పైకి లాగండి. దాని కింద పళ్ళెంలా ఉన్న సన్నటి జాలి కూడా ఊడి వస్తుంది. కుళాయి కింద పెట్టి మెత్తటి బ్రష్‌తో, పాత టూత్‌బ్రష్ అయినా చాలు, కడగండి. ఇనుప పీచు వద్దు. తిరిగి పెట్టేటప్పుడు కుడివైపు తిప్పి గట్టిగా కూర్చుందో లేదో చూడండి. ఫిల్టరు వదులుగా ఉంటే చెత్త కిందికి జారి పంపులో పడుతుంది. మనవైపు పంపు రిపేర్లలో చాలా వాటికి ఆరంభం అక్కడే.

వారానికి ఒకసారి చాలు అని పుస్తకాలు అంటాయి. చేపల పులుసు, రొయ్యల ఇగురు వండే ఇంట్లో ఆ లెక్క చాలదు. రొయ్య పొట్టు, చేప ముల్లు, చింతపండు ఈనె, కరివేపాకు రెబ్బ, నిమ్మ గింజ: మన ఫిల్టరులో దొరికేవి ఇవి. రొయ్య పొట్టు పలచగా ఉండి జాలికి అడ్డంగా అతుక్కుంటుంది, పైనుంచి చూస్తే కనపడదు. జాలిని వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడండి, మూసుకుపోయిన చోట మసకగా తెలుస్తుంది. చేపలు వండిన మర్నాడు తీసి కడిగితే వాసన గొడవ కూడా సగం తీరుతుంది.

కంచంలో మిగిలింది గీరి బుట్టలో పారేయండి, కానీ గిన్నెలను ముందే కుళాయి కింద కడిగి పెట్టకండి. డిటర్జెంట్‌లో ఎంజైములు ఉంటాయి. ఒకటి పిండి పదార్థాన్ని, ఇంకొకటి మాంసకృత్తులను విడగొడుతుంది. వాటికి పని ఉండాలి. అన్నం మాడి అడుగంటిన గిన్నె సంగతి వేరు, దాన్ని నానబెట్టక తప్పదు. పనసకాయ కోసిన కత్తి, పళ్ళెం అయితే ముందు కొబ్బరినూనె రాసి జిగురు తుడిచేయండి. ఆ జిగురు వేడి నీళ్ళకు పోదు; లోపలికి వెళ్ళిందంటే మిగతా గిన్నెలన్నిటికీ పూస్తుంది.

తరువాత రెక్కలు, అంటే గుండ్రంగా తిరుగుతూ గిన్నెల మీదికి నీళ్ళు చిమ్మేవి. కిందదీ పైదీ రెండూ ఊడతాయి. కొన్ని పైకి లాగితే వస్తాయి, కొన్నిటికి మధ్యలో మర ఉంటుంది. రెక్కను చెవి దగ్గర పెట్టి ఊపండి. గలగలమంటే లోపల గింజో ఇసుకో ఉంది. రంధ్రాలను కొబ్బరి ఈనెతో, అంటే కొత్త చీపురుపుల్లతో, గుచ్చి తీయండి. టూత్‌పిక్ లోపల విరుగుతుంది, సూది రంధ్రాన్ని పెద్దది చేస్తుంది. ఈనె రెండూ చేయదు. ఒక చివర నుంచి నీళ్ళు పట్టి ఊపి ఒంపండి. బిగించాక వేలితో ఒక చుట్టు తిప్పి చూడండి, ఏ గరిటె కాడకూ తగలకుండా తిరగాలి. పై ట్రే గిన్నెలు శుభ్రంగానే ఉండి కింది ట్రే గిన్నెలే మురికిగా మిగిలాయంటే నూటికి తొంభైసార్లు కింది రెక్కకు ఏదో అడ్డుపడిందని నా అనుభవం.

తలుపు చుట్టూ ఉన్న రబ్బరును తడిగుడ్డతో తుడవండి. ముఖ్యంగా తలుపు కింది అంచు. అక్కడికి నీటి ధార చేరదు, నూనె మడ్డి పేరుకుంటుంది. వాష్ అయ్యాక తలుపు ఒక జానెడు తెరిచి ఉంచండి. వానాకాలంలో మూసి ఉంచితే రెండు రోజులకే బూజు వాసన వస్తుంది.

తెల్ల పొర పడితే: మూడు పరీక్షలు

పొర అనగానే అందరూ ఉప్పు అయిపోయింది అంటారు. తొందర పడకండి. పొర పట్టిన గాజు గ్లాసు ఒకటి తీసుకుని మంచి నీళ్ళలో తడిపిన గుడ్డతో రుద్దండి. అంతటితో పోతే అది మామూలు లవణం. బోరు ఉప్పనైనా అయి ఉండాలి, ఉప్పు గది మూత వదులై లోపలి ఉప్పు నీళ్ళు బయటికైనా వస్తూ ఉండాలి. మూత బిగించి ఒక వాష్ చూడండి. అయినా వస్తే నీళ్ళు మార్చడమే మార్గం.

తడిగుడ్డకు పోకపోతే నిమ్మచెక్కతో రుద్ది రెండు నిమిషాలు ఆగండి. అప్పుడు పోతే అది సున్నపు పొర. ఉప్పు నింపండి, కాఠిన్యం మెట్టు పెంచండి, చివరి కడుగులో మిషను కలుపుకునే ద్రవం, రిన్స్ ఎయిడ్, ఉందో లేదో చూడండి. రిన్స్ ఎయిడ్ నీటి బొట్టు నిలబడకుండా జారిపోయేలా చేస్తుంది. బొట్టు ఆరిన చోటే మచ్చ పడుతుంది కాబట్టి మన నీళ్ళకు అది విలాసం కాదు.

నిమ్మరసానికీ పోలేదా? అది పొర కాదు, గాజే అరిగింది. మెత్తటి నీళ్ళు, ఎక్కువ డిటర్జెంట్, ఎక్కువ వేడి కలిస్తే ఇలా అవుతుంది. ఆ గ్లాసు తిరిగి రాదు. మిగతా వాటి కోసం పొడి తగ్గించి, కాఠిన్యం మెట్టు దించి, గాజుకు వేరే ప్రోగ్రాం వాడండి.

మిషను లోపలే సున్నం పట్టి ఉంటే కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు చాలు. గిన్నెలన్నీ తీసేసి, ఫిల్టరు కడిగి పెట్టి, 100 గ్రాముల నిమ్మ ఉప్పును లోపల అడుగున చల్లి, డిటర్జెంట్ వేయకుండా అన్నిటికన్నా వేడిగా ఉండే ప్రోగ్రాం నడపండి. ఇనుము మరకలు కూడా దీనికి లొంగుతాయి. కంపెనీ డీస్కేలర్ వాడాలని మీ వారంటీ పుస్తకంలో ఉంటే అదే వాడండి. కాలువలు కట్టే ముందు ఒకసారి, తిరిగి వదిలాక ఒకసారి చేస్తే సరిపోతుంది; నెలనెలా అక్కర్లేదు. బ్లీచింగ్ పౌడరు మాత్రం డిష్‌వాషర్‌లో ఎప్పుడూ వేయకండి. అది స్టీలును తినేస్తుంది, నిమ్మ ఉప్పుతో కలిస్తే విషవాయువైన క్లోరిన్ వస్తుంది.

నీళ్ళు రావడం లేదంటే

ఎల్‌జీ మిషన్లలో ఐఈ అని కనిపిస్తే నీళ్ళు లోపలికి రావడం లేదని అర్థం. మిగతా వాటిలో చాలావరకు కుళాయి బొమ్మ వెలుగుతుంది. ట్యాంకులో నీళ్ళున్నాయా, కుళాయి పూర్తిగా తిరిగిందా, వెనక గొట్టం మడత పడిందా అన్నవి ముందు చూడండి. అవన్నీ సరిగ్గా ఉంటే ఇన్‌లెట్ జాలి దగ్గరికి వెళ్ళాలి.

కుళాయి కట్టి, ప్లగ్గు తీసి, గొట్టం మరను చేత్తో విప్పండి. గొట్టం చివరనో మిషను మూతి దగ్గరో చిన్న ప్లాస్టిక్ జాలి ఉంటుంది. దాన్ని సన్న మూతి ప్లయర్‌తో నెమ్మదిగా లాగి, బ్రష్‌తో కడిగి, ఎలా వచ్చిందో అలాగే పెట్టండి. జాలి లేకుండా నడపవద్దు. వరద రోజుల్లో ఈ జాలి మీద ఒండ్రు బంకమట్టిలా మెత్తుకుని ఉంటుంది. నేను పెట్టుకున్న గుర్తు ఇది: ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరి మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చారని వార్త వచ్చిందంటే, ఆ వారంలో జాలి తీసి కడగాలి. వరద తగ్గాక మళ్ళీ ఒకసారి. మట్టి ఎక్కువగా వచ్చే ఇళ్ళలో కుళాయికీ గొట్టానికీ మధ్య చిన్న ఫిల్టరు బిగించుకోవచ్చు, కానీ దాని కార్ట్రిడ్జ్ మార్చడం మరిచిపోతే అదే కొత్త అడ్డంకి. ట్యాంకును జూన్‌లోనే కడిగించండి. అడుగున పాత ఒండ్రు ఉంటే పై నీళ్ళు ఎంత తేరినా లాభం లేదు.

జాలి శుభ్రంగానే ఉన్నా నీళ్ళు చాలడం లేదంటే ఎత్తు లెక్క వేయండి. పది మీటర్ల ఎత్తు నుంచి దిగే నీటికి ఒక బార్ ఒత్తిడి. చాలా మిషన్లకు కనీసం 0.3 నుంచి 0.5 బార్ కావాలి, అంటే ట్యాంకు అడుగు నుంచి మిషను కుళాయికి మూడు నుంచి అయిదు మీటర్లు. ఒకే అంతస్తు డాబా మీద దిమ్మ లేకుండా పెట్టిన ట్యాంకు కిందనే వంటిల్లు ఉంటే ఒత్తిడి బొటాబొటిగా ఉంటుంది. గొట్టం విప్పి బకెట్‌లో పట్టి చూడండి. కొన్ని కంపెనీలు నిమిషానికి 10 లీటర్లు రావాలంటాయి. రాకపోతే ట్యాంకుకు దిమ్మ కట్టించడమో, చిన్న ప్రెషర్ పంపు పెట్టడమో చేయాలి. మిషను మార్చి ప్రయోజనం లేదు.

నీళ్ళు పోకుండా నిలిచిపోతే

బాష్ మిషన్లలో చాలా మోడళ్ళు ఈ24 లేదా ఈ25 చూపిస్తాయి, ఎల్‌జీలో ఓఈ. ఫిల్టరు గుంటలో కాసిని నీళ్ళు ఉండటం మామూలే, దానికి భయపడకండి. జాలి మునిగి పైకి నీళ్ళుంటేనే సమస్య.

ముందు బయట చూడండి. డ్రెయిన్ గొట్టం నలిగిందా? సింకు కింద పైపు మూసుకుందా? గొట్టం చివర నేల నుంచి సుమారు 40 సెంటీమీటర్ల నుంచి మీటరు లోపు ఎత్తున ఉండాలి. నేల మీద తూముకు వదిలేస్తే నీళ్ళు వాటంతటవే జారిపోయి మిషను నింపుతూనే ఉంటుంది. పెరటి వైపు గొట్టం వెళ్ళే ఇళ్ళలో ఎలుక కొరికిందేమో కూడా చూడాలి. పొలాలు ఆనుకుని ఉన్న ఇళ్ళలో ఇది అరుదు కాదు. గోడ రంధ్రానికి ఇనుప జల్లెడ అడ్డం పెట్టించండి.

బయట అంతా బాగుంటే లోపలి పంపు:

1. ప్లగ్గు తీయండి. నీళ్ళు వేడిగా ఉంటే చల్లారనివ్వండి.
2. గ్లాసుతో, తరువాత స్పాంజితో నీళ్ళన్నీ తోడేయండి.
3. ఫిల్టరు తీసి, గుంటలో టార్చి వేసి చూడండి. ఒక పక్క చిన్న ప్లాస్టిక్ మూత ఉంటుంది. చెంచా కాడతో పైకి లేపితే వస్తుంది. మీ మోడల్లో ఇది లేకపోతే ఇక్కడితో ఆగండి.
4. లోపల చిన్న చక్రం కనిపిస్తుంది. చేతికి తొడుగు వేసుకుని, పగిలిన గాజు ముక్కలుంటాయన్న జాగ్రత్తతో తడమండి. ముల్లు, గింజ, దారం ఏది తగిలినా తీసేయండి.
5. చక్రాన్ని వేలితో తిప్పండి. అది గుండ్రంగా జారిపోదు, అయస్కాంతం వల్ల ఆగి ఆగి తిరుగుతుంది. అది సరైన తీరే, పాడైందనుకోవద్దు.
6. మూత టక్కుమనే దాకా నొక్కి, ఫిల్టరు పెట్టి, ఒక చెంబు నీళ్ళు పోసి రిన్స్ ప్రోగ్రాం నడిపి చూడండి.

నురుగు, కరెంటు, మిగతావి

డిష్‌వాషర్ పొడి అయిపోయిందని సింకు దగ్గరి లిక్విడ్ వేస్తే తలుపు సందుల్లోంచి నురుగు పొంగుతుంది. వెంటనే ఆపి, నురుగు తోడేసి, నీళ్ళు బయటికి పంపించి, ఏమీ వేయకుండా చల్లటి రిన్స్‌లు నురుగు పోయేదాకా నడపండి. నురుగు అడుగు పళ్ళెంలోకి దిగితే బాష్ మిషన్లు ఈ15 చూపించి ఆగిపోతాయి. అప్పుడు కుళాయి కట్టి, ప్లగ్గు తీసి, మెకానిక్‌ను పిలవడమే.

మిషను 2 కిలోవాట్ల దాకా లాగుతుంది కాబట్టి 16 ఆంపియర్ల ప్లగ్గు, సరైన ఎర్త్ ఉండాలి. మిక్సీ ప్లగ్గుకు ఎక్స్‌టెన్షన్ తగిలించడం ప్రమాదం. మామూలు ఇన్వర్టర్ మీద నడపాలని చూడకండి. మధ్యలో కరెంటు పోతే చాలా మిషన్లు వచ్చాక ఆగిన చోటి నుంచి సాగుతాయి. తలుపు తెరవకుండా ఉంటే చాలు. వోల్టేజి పడిపోయే వేసవి సాయంత్రాల్లో నీళ్ళు వేడెక్కడానికి ఎక్కువసేపు పడుతుంది, పొద్దున్నే నడపడం మేలు. మిషను అసలు కదలకపోతే, తలుపు గొళ్ళెం పడిందా, చైల్డ్ లాక్ వెలిగి ఉందా, ఆలస్యంగా మొదలయ్యేలా ఎవరైనా టైమరు నొక్కారా చూడండి. మనవలు వచ్చి వెళ్ళిన మర్నాడు ఫిర్యాదుల్లో ఇదే ఎక్కువ.

డిటర్జెంట్ గది తడిగా ఉండగా పొడి వేస్తే గడ్డ కట్టి మూత తెరుచుకోదు. గుడ్డతో తుడిచాకే వేయండి. ప్లాస్టిక్ డబ్బాలు తడిగానే మిగిలితే అది లోపం కాదు. స్టీలులా ప్లాస్టిక్ వేడిని నిలుపుకోదు.

ఏవి పెట్టకూడదు

ఇత్తడి, రాగి, వెండి పూజ సామాను, అల్యూమినియం గిన్నెలు, ఇనుప మూకుడు, మట్టి చట్టి, చెక్క గరిటె వద్దు. అల్యూమినియం నల్లబడటం మురికి వల్ల కాదు, డిటర్జెంట్‌లోని క్షారం లోహం పై పొరను తినడం వల్ల. కుక్కరు స్టీలుదైతే రబ్బరు, వెయిట్ తీసేసి పెట్టండి. గిన్నెలు ఒకదానిలో ఒకటి బోర్లిస్తే లోపలిదానికి నీళ్ళు తగలవు. సంక్రాంతికి ఇల్లు నిండినప్పుడు కక్కుర్తి పడకుండా రెండు వాయిలు వేయండి. అరిసెల పాకం గిన్నెను ముందు వేడినీళ్ళతో కరిగించి పెడితే సరి.

ఊరెళ్ళేటప్పుడు, వరద వచ్చినప్పుడు

పిల్లల దగ్గరికి ఆర్నెల్లు వెళ్ళేవారు చివరి వాష్ ఖాళీగా నడిపి, ఫిల్టరు కడిగి ఆరబెట్టి, గుంటలో మిగిలిన నీళ్ళు స్పాంజితో తీసి, కుళాయి కట్టి, ప్లగ్గు లాగి, తలుపు తెరిచి కట్టేసి వెళ్ళండి. వెనక సందులో బొద్దింకలు చేరకుండా ఇంటికి వచ్చిపోయేవారిని అప్పుడప్పుడు ఊడవమనండి. అవి వెచ్చటి సర్క్యూట్ బోర్డు దగ్గరే కాపురం పెడతాయి. తిరిగి వచ్చాక ఇన్‌లెట్ గొట్టం విప్పి, నిలవ నీళ్ళను బకెట్‌లోకి వదిలి, తేటగా వచ్చాకే తగిలించండి.

వంటింట్లోకి వరద నీళ్ళు వచ్చి మిషను అడుగు తడిసిందంటే, పైకి ఎంత ఆరినట్టు కనిపించినా ప్లగ్గు పెట్టకండి. మోటారు, వైర్లు, అడుగు పళ్ళెం అన్నీ విప్పి ఆరబెట్టి చూడాల్సిన పని, అది మెకానిక్‌ది. కాలిన వాసన వచ్చినా, ముట్టుకుంటే షాకు కొట్టినా, మిషను కింద నుంచి నీళ్ళు కారినా, నీళ్ళు అసలు వేడెక్కకపోయినా అంతే. ఆయన్ను పిలిచేటప్పుడు కనిపించిన ఎర్రర్ అంకె, ఆ రోజు వాడింది కుళాయి నీళ్ళో బోరు నీళ్ళో, ఉప్పు ఎప్పుడు పోశారో ఫోనులోనే చెప్పండి. సరైన విడిభాగం పట్టుకుని ఒక్కసారిలో వస్తాడు.